లక్ష్మివారం మతిమరుపు

అత్తగారికి మతి పోయిందన్న సంగతి, ఆవిడతో ఇన్నేళ్ళుగా ఒకే వంటింట్లో మసులుతున్న భారతి కనిపెట్టలేకపోయింది. సాలూరు నుంచి వచ్చి అరగంట కూర్చున్న ఆడపడుచు కనిపెట్టేసింది.

అది మార్గశిరంలో మొదటి లక్ష్మివారం. క్యాలెండరు దాన్ని గురువారం అంటుంది గానీ, నెల్లిమర్ల చుట్టుపక్కల పల్లెల్లో క్యాలెండరు మాట ఎవరూ వినరు. మార్గశిర లక్ష్మివారాలు నోచుకునే ఇళ్ళలో ఆ రోజు తెల్లారకుండానే గుమ్మం కడిగి, పిండిముగ్గు వేసి, లక్ష్మీదేవిని లోపలికి పిలుచుకుంటారు. ఆ పూట తలకి నూనె రాయకూడదు, పగలు కునుకు తీయకూడదు, అబద్ధం ఆడకూడదు, ఎవర్నీ తిట్టకూడదు. ప్రసాదం ఇంటివాళ్ళే తినాలి, బయటివాళ్ళ నోట పడకూడదు. భారతి అత్తగారు అసిరమ్మ కాపరానికొచ్చిన ఏడాది నుంచి ఈ నోము వదిలింది లేదు. భారతికి అందులో తిట్టకూడదన్న నియమం బాగా నచ్చుతుంది. ఆ నెల్లాళ్ళూ వారానికొక్కరోజు వంటిల్లు చల్లగా ఉంటుంది.

ఆ మధ్యాహ్నం వరికోతల దగ్గరికి అన్నం క్యారేజీ తీసుకెళ్ళి భారతి తిరిగొచ్చేసరికి వాకిట్లో కారు ఉంది. అరుగు మీద ఆడపడుచు యమున ఉంది. యమున కళ్ళనిండా నీళ్ళున్నాయి.

“వదినా, అమ్మకి ఎన్నాళ్ళ నుంచిలా ఉన్నాది?”

“ఎలా ఉన్నాది?”

“విజీనారంలో సీమంతానికొచ్చి, దగ్గరే కదా అని ఇటొచ్చినాను. పూజ అయిపోనాదా అమ్మా అన్నాను. ఏ పూజ అంతాది! లచ్చివారం పూజే అన్నాను. ఇయ్యాళ లచ్చివారమా అంతాది! గుమ్మానికి పసుపు, అమ్మ సేతులకి పసుపు, ముగ్గు తడి ఇంకా ఆరనేదు. లోపల దీపం ఎలుగుతన్నాది. మరి ఆ దీపం ఎవరెట్టినారే అని అడిగినాను వదినా...” యమున కొంగుతో ముక్కు తుడుచుకుంది. “ఎవరెట్టినారో నాకేటి తెలుసు అన్నాది.”

భారతి లోపలికి తొంగిచూసింది. అసిరమ్మ స్తంభానికి చేరగిలబడి, కాళ్ళు బారజాపుకుని, దూలాలకేసి చూస్తోంది.

“అత్తా, పొద్దున్న పూజ చేసేవు కదా?”

అసిరమ్మ కూతురికేసి చూసింది. కోడలికేసి చూసింది. “ఏమో,” అని మళ్ళీ దూలాల దగ్గరికి వెళ్ళిపోయింది.

యమున ఏడుస్తూనే కారెక్కింది. ఆ సాయంత్రం భారతి కోళ్ళకి గింజలు తీద్దామని ధాన్యం డ్రమ్ము మూత తీస్తే, పొద్దుట ప్రసాదానికి వండిన పులగం గిన్నె పళ్ళెం కప్పుకుని గింజల మధ్య బుద్ధిగా కూర్చుని ఉంది. మతి తప్పినవాళ్ళు వస్తువుల్ని పెట్టకూడని చోట పెడతారని భారతి ఎక్కడో చదివింది. చదువు అప్పుడప్పుడూ ఇలా భయపడ్డానికి పనికొస్తుంది.

“అత్తా, పులగం డ్రమ్ములోకి ఎలా వెళ్ళింది?”

“ఎలా ఎల్లినా పులగమే కదేటి. తిను,” అంది అసిరమ్మ.

తలకాయ లోపల ఉండే సరుకుకి తెలుగులో ఉన్నన్ని పేర్లు తలకాయ బయట ఉన్నవాటికి లేవు. మతి, బుద్ధి, ధ్యాస, ఎరుక, తెలివి, ఇంగితం. డిగ్రీలో తెలుగు స్పెషలు చదివిన భారతికి వీటి తేడాలు పాఠంలో ఎవరూ చెప్పలేదు గానీ, కాపరంలో అన్నీ ఒక్కొక్కటిగా తెలిసొచ్చాయి. కూరలో ఉప్పు మరిచిపోతే ధ్యాస లేదన్నారు. భర్త హరిబాబు పోగొట్టుకున్న బండి తాళం ఆమెకి కనిపించకపోతే మతి లేదన్నారు. కోతల రోజుల్లో పుట్టింటికి వెళ్తానంటే ఇంగితం లేదన్నారు. ఇన్నిసార్లు ఇన్ని పోయినా ఆమెని ఒక్కసారీ ఎవరూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదు. అత్తగారికి ఒక్క పూట పోయేసరికి సాలూరు నుంచి కూతురు పరుగులు పెడుతోంది.

అన్నిటికంటే నిబ్బరంగా ఉన్నవాడు మావగారు నరసింగరావు. భార్యకి మతి పోయిందని కొడుకు చెప్పగానే, “ముందెప్పుడుండేదేటి?” అని కండువా దులుపుకుని పొలానికి వెళ్ళిపోయాడు. కానీ ఆ మర్నాటి నుంచి పొద్దు వాలకుండానే ఇంటికి రావడం మొదలుపెట్టాడు. భార్యకి ఎదురుగా మంచమేసుకుని కూర్చుంటాడు.

హరిబాబు ఫోనులో మతిమరుపు లక్షణాలు వెతికి పైకి చదివాడు. చెప్పిన మాటే మళ్ళీ మళ్ళీ చెప్పడం. వస్తువులు ఎక్కడ పెట్టారో మరిచిపోవడం. చిన్నదానికే చికాకు. చదువుతూ చదువుతూ మధ్యలో ఆగిపోయి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, “ఫోనులో రాసినవన్నీ నమ్మకూడదే,” అని దాన్ని దూరంగా పెట్టేశాడు.

యమున రోజూ పొద్దున్నే వీడియో కాల్ చేసేది. పలకరింపు కాదు, పరీక్ష.

“అమ్మా, నా పెళ్ళి ఏ నెలలో అయినాది?”

“నువ్వు మర్సిపోనావేటి?”

“నాకు తెలుసు. నువ్వు సెప్పు.”

“తెలిసినదానివి మరి నన్నెందుకు అడుగుతన్నావు?”

“మా పెద్దోడి పేరేటి?”

“ఆడు ఇంట్లోనే ఉన్నాడు కదేటి. ఆడినడుగు.”

“సూసినావా వదినా?” అని యమున ఫోనులోంచి కళ్ళొత్తుకునేది. “ఒక్కదానికీ సమాధానం రానేదు.”

భారతికి మొదట్లో ఇదంతా యమున హడావుడేననిపించింది. కానీ భయం ఒకసారి ఇంట్లో కాలుపెట్టాక దానికి కావలసిన సాక్ష్యాలు అదే ఏరుకుంటుంది. అసిరమ్మ నిజంగానే మాట తగ్గించేసింది. సాంబారు పలచగా ఉన్నా ఏమీ అనలేదు. పాలమనిషి నీళ్ళు కలిపినా ఏమీ అనలేదు. తెల్లారకుండా లేచి లక్ష్మీదేవి పటం ముందు చేతులు జోడించుకుని కూర్చుండిపోయేది. రెండో లక్ష్మివారం అట్లు పోసి, బియ్యప్పిండి, పాలు, బెల్లంతో తిమ్మనం చేసి నైవేద్యం పెట్టింది గానీ, ప్రసాదం నోటిదాకా తీసుకెళ్ళి ఆవిడ మళ్ళీ పళ్ళెంలో పెట్టేయడం భారతి చూసింది.

భారతి పినతల్లి ఒకావిడ చివరి రోజుల్లో సొంత కూతుర్ని పట్టుకుని “మీరెవరండీ” అనేది. ఆ మీరు, అండీలు గుర్తొస్తే భారతి ఇప్పటికీ చేతిలో పని వదిలేస్తుంది. అసిరమ్మ కూడా ఒకరోజు తనకేసి అలా మర్యాదగా చూస్తుందా? ఇన్నేళ్ళూ ఇద్దరూ కలిసి కూడబెట్టుకున్నది తగువులే. ఒకరు మరిచిపోతే రెండోవాళ్ళు వాటిని ఎవరితో నెమరేసుకుంటారు?

ఈలోగా యమున అంతా తేల్చేసింది. విజయనగరంలో డాక్టరుకి చూపించడం, ఆ వెంటనే అమ్మని సాలూరు తీసుకుపోవడం. కింద అల్లుడి లారీ ఆఫీసు, పైన మేడ మీద కాపురం. “తలుపేసేస్తే ఇక ఎక్కడికీ ఎల్లదు,” అంది. ఆ మాట ఆప్యాయంగానే అంది. పొలంగట్టు చూడనిదే అన్నం సయించని మనిషి తలుపేసిన మేడ మీద ఎలా ఉంటుందోనని భారతి నోరు తెరవబోయింది. హరిబాబు ముందే తల ఊపేశాడు. ఆ ఇంట్లో యమున చెప్పిన తరవాత తల ఊపడం ఒక్కటే మిగులుతుంది.

డాక్టరు దొరికింది మూడో లక్ష్మివారం నాడు.

ఆ పొద్దున్న భారతి అత్తగారిని కన్నార్పకుండా కాపలా కాసింది. గుమ్మానికి పసుపు రాయడం దగ్గర్నుంచి హారతి వరకూ అసిరమ్మ చెయ్యి ఎక్కడా తడబడలేదు. ముగ్గులో పద్మం రేకులు ఎక్కడ మొదలయ్యాయో అక్కడికే వచ్చి కలిశాయి. నోము కథ ఒక్క ముక్క జారకుండా చెప్పింది. ఆ వారం అప్పాలు, పరమాన్నం. బెల్లం పాకం వేలితో చూసి, “ఇంకొంచెం కానియ్,” అంది. ఇది మతి పోయిన మనిషి చెయ్యేనా? పోయిన మతి ఏది, మిగిలిన మతి ఏది? భారతికి అంతుపట్టలేదు.

అంతలో వీధి చివర కారు హారను వినిపించింది.

మోకాళ్ళ నొప్పులని రోజూ గోడ పట్టుకుని లేచే అసిరమ్మ ఒక్క ఉదుటున లేచింది. పరమాన్నం గిన్నె ఒక చేత్తో, అప్పాల పళ్ళెం ఒక చేత్తో పట్టుకుని ధాన్యం డ్రమ్ము దగ్గరికి నడిచింది. గింజల్లో పొందిగ్గా దించింది. మూత పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. వచ్చి స్తంభానికి చేరగిలబడి, కాళ్ళు బారజాపి, దూలాలకేసి చూస్తూ నోరు కొంచెంగా తెరిచింది.

ఆ నోరు తెరవడం దగ్గర భారతికి అర్థమైపోయింది. ముందు నవ్వొచ్చింది, వెనకాలే ఏడుపొచ్చింది. రెండూ కలిసి వంటింటి తలుపు పట్టుకునేలా చేశాయి.

“అత్తా, కారు ఇంకా మలుపు దగ్గరే ఉంది. ఇప్పట్నుంచే నోరు తెరిస్తే ఈగలు దూరతాయి.”

అసిరమ్మ నోరు మూసింది. గాలి తీసిన ట్యూబులా భుజాలు జారిపోయాయి.

“పూజ అయినాదంటే పెసాదం అడుగుతాది. నోము పెసాదం ఆడపిల్లకి ఎట్టకూడదే,” అంది గొణుగుతూ. “పెళ్ళయిపోనాక అది బయటి మనిసే. మా అత్త సెప్పినాది. ఎడితే ఇంటి లచ్చిమి దాని ఎనకాలే ఎల్లిపోద్దంట.”

బయటివాళ్ళకి పెట్టకూడదని భారతికి తెలుసు. పక్కింటివాళ్ళకి పెట్టకుండా ఎన్నోసార్లు తప్పుకుంది కూడా. కానీ యమున బయటి మనిషి అన్న ఊహ ఆమెకి కలలో కూడా రాలేదు. సాలూరులో కూర్చుని ఈ ఇంట్లో ఏ కూర వండాలో చెప్పే మనిషి బయటిదని తట్టాలంటే చాలా బుర్ర కావాలి. పైగా యమున అత్తవారింట ఈ నోము లేదు. పెళ్ళయ్యాక మార్గశిర లక్ష్మివారం పూట పుట్టింటికి రావడం ఆ మొదటి వారమే తొలిసారి.

“ఆ మాటే యమునకి చెప్పేస్తే పోయేది కదా!”

“ఏటని సెప్పేది? కడుపున పుట్టినదానితో, నీకు ముద్ద పులగం ఎట్టను, నువ్వు బయటిదానివని సెప్పేదా? దాని సంగతి నీకు తెల్దా? సీర రంగు నచ్చనేదని యేడాది నాతో మాటాడనేదు. మతి నేదనుకుంటే జాలి పడతాది. మతి ఉండే ఎట్టనేదంటే గుండె పగిలిపోద్దే.”

భారతి వచ్చి అత్తగారి పక్కన చతికిలబడింది.

“పోనీ నాకైనా చెప్పొచ్చు కదా. నేను ఇక్కడ బెంగతో సగమైపోయాను.”

“నీకు సెప్తే ఆడికి సెప్తావు. ఆడు దానికి సెప్తాడు.”

నిజమే. చెప్పేదే.

“నిన్ను సాలూరు పట్టుకుపోతారు అత్తా.”

“పోతే పోనాను,” అంది అసిరమ్మ. పెరట్లో కోళ్ళకేసి చూసి, “ఆ మేడ మీద కోళ్ళని ఉండనివ్వరేమో కదా?” అంది.

“ఈరోజు లక్ష్మివారం. డాక్టరమ్మ దగ్గర కూడా అబద్ధం ఆడతావా?”

“అమ్మో! ఆ రోజు ఆడిన ఆ ఒక్క అబద్దానికే ఇప్పటికీ నా మనసు మనసులో నేదు. ఇయ్యాళ నాను నోరే ఇప్పను. మాటాడకపోతే అబద్దం కాదు కదా. నువ్వూ సెప్పకు. నోము మీద ఒట్టు.”

అలా భారతి గుండె మీది బరువు ఒక్కసారి దిగిపోయింది. దిగిన బరువుని చూసి కేకెయ్యడానికి మాత్రం వీల్లేకుండా పోయింది. వాకిట్లో కారు ఆగింది.

విజయనగరంలో ఆ డాక్టరమ్మ పేరు సుహాసిని. చిన్నది. వేరే జిల్లా మనిషి. టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడింది.

“అమ్మా, ఈరోజు ఏ వారం?”

అసిరమ్మ ఫ్యానుకేసి చూసింది.

“ఇది ఏ నెల?”

ఫ్యాను తిరుగుతోంది.

“నేను మూడు మాటలు చెబుతాను. మళ్ళీ నాకు చెప్పండి. గొడుగు, అరటిపండు, రైలు.”

అసిరమ్మ పెదాలు బిగించుకుంది. వాటి వెనకాల మూడు మాటలూ బయటికి రావడానికి తోసుకుంటున్నాయని భారతికి ఒక్కదానికే తెలుసు.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. గ్రహణశక్తి వేరు, ఏకాగ్రత వేరు, జ్ఞాపకశక్తి వేరు అని మెల్లగా చెప్పింది. ఈవిడ దగ్గర మూడింటిలోనూ స్పందన లేదంది. స్కానింగ్ తీయించాలంది. అప్పటిదాకా పొయ్యి దగ్గరికి వెళ్ళనివ్వొద్దని, ఒంటరిగా వదలొద్దని చెప్పింది. హరిబాబు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టి ఆపలేదు. ఎప్పుడూ ఎవరో ఒకరికి ఏదో ఒకటి పురమాయించే యమున తల్లి మణికట్టు పట్టుకుని కూర్చుండిపోయింది.

అత్తగారు భారతి చేత ఒట్టు వేయించుకున్నది చెప్పొద్దని. అడగొద్దని కాదు.

“డాక్టరుగారూ,” అంది యమున భుజం మీద చెయ్యి వేసి. “ఈ అమ్మాయి ఎవరో ఒక్కసారి అడగండి.”

అసిరమ్మ ఫ్యాను మీంచి చూపు దించి కోడలికేసి చూసింది. మతి, బుద్ధి, ఎరుక, ఇంగితం అన్నీ నిండుగా ఉన్న చూపు అది. ఆ చూపుకి మామూలు రోజుల్లో భారతి వంటింట్లోంచి పెరట్లోకి పారిపోయేది.

“చెప్పండమ్మా. ఈవిడ ఎవరు?”

అసిరమ్మ చూపు మళ్ళీ ఫ్యాను మీదికి వెళ్ళిపోయింది.

యమున కుర్చీలోంచి జారి తల్లి కాళ్ళ దగ్గర కూర్చుంది. “అమ్మా, నానే. ఇటు సూడు. దీపం ఎవరెట్టినారో మర్సిపోనావు, సర్లే. వారం మర్సిపోనావు, సర్లే. నన్ను కూడా మర్సిపోనావేటి?” వెక్కిళ్ళు మొదలయ్యాయి. “పోనీ పేరొద్దు. ఎప్పుడూ తిట్టినట్టు తిట్టు. ఒక్క తిట్టు తిట్టే!”

“లచ్చివారం పూట తిట్టకూడదే, సచ్చినదానా!” అంది అసిరమ్మ.

అంటూనే నాలిక్కరుచుకుంది.

“నిన్ను మర్సిపోతానేటే?” అసిరమ్మ కూతురి తల పొట్టకి అదుముకుంది. “గాలివానలో పుట్టినావు. ఇంటి పెంకులు ఎగిరిపోతంటే నిన్ను పొట్ట కిందెట్టుకుని ఒంగున్నాను. ఈపు మీద పెంకు పడినా కదలనేదు. ఆ మచ్చ ఇప్పటికీ ఉన్నాది, సూపించమంటావా? నిన్ను మర్సిపోతానేటే!”

ఆ తరవాత ఆపడం ఎవరివల్లా కాలేదు. పులగం, దీపం, ఆడపిల్ల బయటిదన్న అత్తగారి మాట, ధాన్యం డ్రమ్ము, అన్నీ బయటికొచ్చేశాయి. డాక్టరమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నది. చివర్లో గొంతు సవరించుకుని, “అమ్మా, ఇందాక నేను చెప్పిన మూడు మాటలు...” అంది.

“గొడుగు, అరటిపండు, రైలు,” అంది అసిరమ్మ కళ్ళు తుడుచుకుంటూ. “అరటిపండు పూజలోది కాకపోతే ఎవరికైనా ఎట్టొచ్చు తల్లీ.”

స్కానింగ్ అక్కర్లేదన్నారు. మోకాళ్ళకి మాత్రం మందు రాసిచ్చారు. హరిబాబు బయటికొచ్చి, నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేక, ఫోను తీసి నాన్నకి చేశాడు. “అమ్మకేటీ నేదు,” అన్నాడు. అటునుంచి నరసింగరావు “సరే, పెట్టెయ్,” అని, తను పెట్టకుండానే ముక్కు చీదుకోవడం అందరికీ వినిపించింది.

కారెక్కాక యమున కిటికీవైపు తిరిగి కూర్చుంది.

“నాను బయటిదాన్నేటి?” అంది విజయనగరం దాటాక, కారు అద్దంతో చెప్పినట్టు.

“నాను అననేదే. మా అత్త అన్నాది.”

“ఆవిడంటే నువ్వూ అనేస్తావేటి?”

“అననేదనే సెప్తన్నాను. అనలేకే కదేటి, మతిలేనిదాన్నయిపోనాను!”

యమున భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని భారతి ఆమె వీపు మీద చెయ్యి వేసింది. ఏడవడం లేదు. నవ్వు ఆపుకుంటోంది. కోపం పోలేదు. పోకుండానే నవ్వొస్తోంది.

“ఇన్ని రోజుల్నుంచి కంటిమీద కునుకు నేదు నాకు. అద్దంలో సూసుకుని, ఈ మొకం అమ్మకి గ్యాపకం ఉండదేమోనని ఏడ్సినాను. సాల్లే. మతి ఉన్నాది కదా, అదే సాలు.” అని, తల్లివైపు పూర్తిగా తిరిగి, వేలు చూపించింది. “వచ్చే యేడు నానూ ఈ నోము మొదలెడతాను. నువ్వు లచ్చివారం పూట సాలూరు రావాల. నీ ఎదురుగా కూకుని అప్పాలన్నీ నానే తింటాను. ఒక్క ముక్క ఎట్టను.”

“ఎట్టకు తల్లీ,” అంది అసిరమ్మ వెంటనే. ఈ పక్షం రోజుల్లో ఆవిడ ముఖంలో నవ్వు అదే మొదటిసారి. “కానీ అప్పాలకి పాకం నీకు కుదర్దు. నాను పక్కనుండి సెప్తాను.”

“సెప్పి, తినకుండా ఎల్లిపోవాల.”

“ఎల్లిపోతాను.”

“మజ్జిగ కూడా ఎట్టను.”

“మజ్జిగ పెసాదం కాదే!”

“మా ఇంట్లో నా ఇష్టం.”

పాకం ముదురుగా ఉండాలా లేతగా ఉండాలా అన్నదాని మీద తల్లీ కూతుళ్ళు గొంతులు పెంచారు. హరిబాబు ఎవరివైపూ తల ఊపకుండా బండి నడిపాడు. భారతి కిటికీ దించి బయటికి చూసింది. కోతలైన మళ్ళ మీంచి గడ్డి వాసన వస్తోంది. పక్కన ఎవరు ఎవర్ని ఏమంటున్నారో ఆమె పట్టించుకోలేదు. ఎన్నాళ్ళకో, ఆ ఇంటి తగువు వినాల్సిన అవసరం లేనంత హాయిగా ఉంది.